చాటింపు వారంలో తాండ్ర అంగడి

తిరుపతి దాకా వెళ్ళి కొండ ఎక్కకుండా తిరిగొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. దగ్గర దగ్గర వారం ఆ కొండ కిందే ఉన్నాను. పొద్దున్నే సత్రం అరుగు మీద నిలబడి కొండకేసి ఒక దణ్ణం పెట్టుకోవడం, కాళ్ళీడ్చుకుంటూ అంగడికి పోవడం, ఇదే నా యాత్ర. ఇంటికొచ్చాక ప్రసాదం ఏదని అడిగిన ఇరుగుపొరుగుల చేతుల్లో మామిడి తాండ్ర ముక్కలు పెట్టాను. వాళ్ళు నన్ను చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది.

నేను దేవుడి కోసం బయలుదేరలేదు లెండి. మా రాజోలు వైపు మా ఊళ్ళో డ్వాక్రా సంఘానికి నేను లీడర్ని. లీడరంటే సమావేశానికి రానివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరగడం, వచ్చినవాళ్ళ తగాదాలు తీర్చడం. అప్పడాలన్నాం, ఆగిపోయాయి. పచ్చళ్ళన్నాం, ఉప్పు దగ్గర గొడవపడి జాడీలు పంచేసుకున్నాం. ఇంతలో చిత్తూరు జిల్లాలో ఒక సంఘం తాండ్ర పోస్తోందని ఎవరో చెప్పారు. "వెళ్ళి చూసిరా అక్కా, నీకూ కాస్త మార్పుగా ఉంటుంది" అన్నారు మావాళ్ళు. నిజానికి నేను సంఘం మాట వింటేనే విసుగు పుట్టే దశలో ఉన్నాను. నాలుగు రోజులు ఎవరి తగాదాలూ వినకుండా ఉండొచ్చని ఒప్పుకున్నాను. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదలదంటారు, ఆ సామెత నాకు ఆ పూట గుర్తు రాలేదు.

పుత్తూరులో దిగగానే

పుత్తూరు బస్టాండులో మొదట కనిపించేవి కట్లు. చేతికి కట్టు, కాలికి కట్టు, మెడలో వేలాడే గుడ్డలో ఇంకో కట్టు. ఎముకలు విరిగినవాళ్ళకి ఇక్కడ కట్టే కట్టు కోసం మద్రాసు నుంచి కూడా వస్తారట. వాళ్ళందరినీ నోరు తెరుచుకుని చూస్తూ బస్సు దిగబోయి, ఆఖరి మెట్టు చూసుకోక నా కాలు మడతపడింది. కూలబడ్డాను. క్షణంలో నలుగురు పోగయ్యారు. మా వైపయితే ముందు "అయ్యో" అంటారు. వీళ్ళు మాత్రం కట్టు కట్టేచోటికి దారి ఎటో తలొక వైపూ చూపించారు.

ఆ నలుగురినీ తోసుకుని వచ్చిన మనిషే మునెమ్మ. తాండ్ర సంఘానికి లీడరు, నన్ను ఊరికి తీసుకుపోవడానికి వచ్చింది. నలభై దాటిన మనిషి, బక్కపలచన, గొంతు మాత్రం గుడి మైకు.

"గోదారి నుంచి వొచ్చినక్క నువ్వేనా? లెయ్యి. ఎట్నూ పడినావు గదా, కట్టు కట్టించుకోని పోదాం. పుత్తూరికొచ్చి కట్టు లేకుండా పోతే మాకు నామోషీ."

ఎముక విరగలేదు, బెణికిందంతే. అయినా పసరు రాసి, గుడ్డ బిగించి కట్టారు. ఆ కట్టుతోనే హోటల్లో కూర్చుని ఇడ్లీ తిన్నాను. ప్లేటు నాలుగు రూపాయలు. మా వైపు ఇడ్లీకి అల్లప్పచ్చడి లేకపోతే అలిగి లేచిపోతాం. ఇక్కడ చెనిగ్గింజల చట్నీ, అంటే మన వేరుశనగ చట్నీ, గిన్నెతో తెచ్చి, వద్దనేదాకా పోస్తూనే ఉంటారు. అరవదేశం పక్కనే కాబట్టి కాఫీ మాత్రం బ్రహ్మాండం. అలసటలో రెండు తాగాను, మునెమ్మ నా చేత డబ్బులు తీయనివ్వలేదు.

బండల మీద చాపలు

మునెమ్మ ఊరు పుత్తూరుకి దగ్గరే. చుట్టూ మామిడి తోటలు, మధ్యలో నల్లటి బండలు. ఆ బండల నిండా ఈతచాపలు, చాపల నిండా పచ్చని తాండ్ర. పండు రసం పిండి, బెల్లం కలిపి, చాప మీద పలచగా పోసి ఎండబెడతారు. అది ఆరాక దాని మీద ఇంకో పూత, మర్నాడు ఇంకొకటి. మందం వచ్చేదాకా అలా పోస్తూనే ఉండాలి. కాకులు, చీమలు, ఉన్నట్టుండి వచ్చే చినుకు, అన్నిటికీ కాపలా ఉండాలి. సంఘంలో అందరికంటే చిన్నదైన సుగుణ పసిబిడ్డని ఒడిలో వేసుకుని, చేతిలో వేపకొమ్మతో పగలంతా ఆ బండ మీదే కూర్చునేది.

తాండ్ర విషయంలో మా గోదావరి వాళ్ళకి గర్వం ఎక్కువ. ముక్క నోట్లో వేసుకుని, "కాస్త పులుపుగా ఉందే" అన్నాను.

"బెంగుళూరు కాయ గదక్కా, పులుపు ఉంటాది. మీ మాదిరి తేనె మామిళ్ళు మాకు యాడివి?" అంది మునెమ్మ.

మేం కలెక్టరు కాయ అనేదాన్నే వాళ్ళు బెంగుళూరు కాయ అంటారు. ఆ కాయంతా రసం ఫ్యాక్టరీలకి పోతుంది. కాయతో పాటే ఈ ఊరి ఆడవాళ్ళు కూడా పోయేవారు. పొద్దున లారీ వచ్చి ఎక్కించుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దించుతుంది. పగలంతా నిలబడి కాయ తొక్క తీయాలి. పులుపుకి చేతులు ఒరుసుకుపోయి, ఇంటికొచ్చి కారం కలపాలంటే ఏడుపొచ్చేదట. ఈ ఏడే మొదటిసారి వాళ్ళు లారీ ఎక్కలేదు. సంఘంలో తీసుకున్న అప్పుతో కాయ కొని, సొంతంగా తాండ్ర పోశారు.

"తిరపతిలో మా సంఘాలకి బజారు పెడతా ఉండారు. మాకొక అంగడి ఇచ్చినారు. ఈ సరుకు ఆడ పోతే ఇంక ఫ్యాక్టరీ గడప తొక్కేదిల్లేదు. పోకపోతే..." అని మునెమ్మ ఆగింది. సుగుణ అందుకుంది: "పోకపోతే బజారు అయినాక మళ్ళా లారీనే."

మధ్యాహ్నం సంగటి పెట్టారు. రాగిముద్దని నేను నములుతుంటే అందరూ పగలబడి నవ్వారు. నమలకూడదట, పులుసులో అద్ది మింగాలట. మింగబోతే గొంతులో అడ్డం పడి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మా ఊళ్ళో రాగులు తినేవాళ్ళని చూసి మూతి విరిచే రకాలున్నారు, వాళ్ళకి ఒక్కసారి ఆ ముద్దా, ఆ చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడీ పెట్టాలి.

తప్పెట మోగింది

ఆ సాయంత్రమే ఊళ్ళో తప్పెట మోగింది. మునెమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసి, "ఓరి దేవుడా, ఈ పొద్దే ఏసేసినారా!" అంది.

అది గంగమ్మ జాతరకి చాటింపు. తప్పెట వెనకాల ఊరి పెద్ద గంగులప్ప, తలపాగా చుట్టుకుని, ఒక్కో వీధి మొదట్లో నిలబడి అరుస్తున్నాడు. మునెమ్మ భర్తకి మేనమామ ఆయన.

"వినండప్పా! అమ్మోరికి చాటింపు! పై మంగళారం జాతర దాకా ఊరోళ్ళు ఎవురూ రాత్రి పూట పొలిమేర అవతల ఉండకూడదు! బయటోళ్ళు ఎవురూ రాత్రి పూట ఊళ్ళో ఉండకూడదు! తాలింపు ఎయ్యకూడదు! రోట్లో దంచకూడదు!"

మా వైపూ జాతర్లున్నాయి కానీ ఇంత కట్టుబాటు లేదు. మా ఊళ్ళో జాతర పేరు చెబితే బయటివాళ్ళు వచ్చి వారం తిని పోతారు. ఇక్కడ పగలు ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు, ఎవరైనా రావచ్చు. పొద్దుగూకేసరికి మాత్రం ఎవరు ఎటువైపు ఉండాలో అటువైపు ఉండాల్సిందే. తప్పి రాత్రి బయట ఉండిపోతే జాతర ముగిసేదాకా బయటివాళ్ళ కిందే లెక్క.

తిరుపతి బజారు మర్నాడే మొదలు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయని ఎవరికీ తట్టలేదు. చాటింపు రోజు మగవాళ్ళు కూర్చుని పెడతారు, ఆడవాళ్ళని అడగరు. బజారు సంగతి ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు, మగవాళ్ళకి చెప్పరు. ఆ ఊరి ఆడవాళ్ళకి పని మీద ఊరి బయట రాత్రి ఉండాల్సిన అవసరం అంతదాకా రాలేదు మరి.

"పగలు మీరు కూర్చుని సాయంత్రానికి వచ్చేయండి" అన్నాను.

"పగలు ఆ ఎండలో ఎవురొస్తారక్కా బజారుకి? జనం వొచ్చేదే దీపాలు పెట్టినాక" అని సుగుణ ఏడుపు మొహం పెట్టింది.

అందరూ బండ మీద కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే నా వైపు తిరగడం మొదలుపెట్టారు.

"నువ్వుండావు గదక్కా. నీకు పొలిమేర లేదు" అంది మునెమ్మ.

సంఘం తలనొప్పి వదిలించుకుందామని వచ్చినదాన్ని! "కాలు బెణికింది" అన్నాను. "కూర్చోని అమ్మేదానికి కాలెందుకు?" అంది. చీకటి పడేలోగా నన్ను కూడా పొలిమేర దాటించాలని, కట్టు కాలితోనే గబగబా రోడ్డు దాకా నడిపించి తిరుపతి బస్సెక్కించారు.

తిరుపతి అంగడి

మైదానం నిండా వరసగా తడికెల అంగళ్ళు. కొయ్యబొమ్మలు, అద్దకం చీరలు, వెదురు బుట్టలు, ఊరగాయలు. మా అంగడి చివరిది, మరుగుదొడ్ల పక్కన. మునెమ్మావాళ్ళు మొదటి బస్సుకి తాండ్ర చాపచుట్టలతో దిగేవారు. మధ్యాహ్నం మైదానంలో కుక్కలు తప్ప ఎవరూ తిరిగేవారు కాదు. పొద్దు వాలేసరికి వాళ్ళు కొంగులు దులుపుకుని బస్సుకి పరుగెత్తేవారు. అటు వాళ్ళ బస్సు కదలడం, ఇటు జనం రావడం.

అమ్మడం నాకు చేతకాదని మొదటి రోజే తేలిపోయింది. ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. నేను నోరు విప్పితే చాలు, "మీది గోదావరి జిల్లాలా ఉందే! అయితే ఇది అసలు గోదావరి తాండ్రేనన్నమాట!" అని గుండు చేయించుకుని కొండ దిగొచ్చిన ఒకాయన సంబరపడిపోయాడు. కాదండీ, ఇక్కడిదే అన్నాను. చేతిలో ముక్క తిరిగి పళ్ళెంలో పెట్టేసి పోయాడు. అలాంటివాళ్ళు ఎందరో. ఔనంటే పోయేదేముంది అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ బండల మీద ఎండకి ఎండిన ఆడవాళ్ళ పేరు తీసేసి మా ఊరి పేరు పెట్టడానికి మనసొప్పలేదు. విసుక్కుంటూనే ప్రతివాడికీ "పుత్తూరు దగ్గరది" అని చెప్పాను. సరుకు కదల్లేదు. రాత్రి మెస్సులో పదిహేను రూపాయల భోజనం ముందు కూర్చుని చారన్నంతోనే లేచిపోయాను. పొద్దున వాళ్ళు దిగి "ఎంత పోయిందక్కా?" అని అడుగుతారనే భయంతోనే నిద్ర లేచేదాన్ని.

మూడో సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. బస్టాండు దగ్గర యాత్రికులకి మిఠాయిలు, బొరుగులు అమ్మే దుకాణం ఆయనది. ముక్క తుంచి, దీపం కింద పెట్టి చూసి, నెమ్మదిగా నమిలాడు.

"చక్కెర ఎయ్యలేదే. బెల్లమేనా? ఎన్ని పూతలు పోసినారు మా?"

"చాలా పోస్తారండీ."

"పోస్తారా? అంటే నువ్వు పొయ్యలేదు. మాట కూడా ఈ పక్కది కాదు. సూడు మా, సరుకు నాకు నచ్చింది. పులుపుంటే దారిలో పిల్లోళ్ళకి వాంతి రాకుండా ఉంటాదని కొంటారు. గాని చేసినోళ్ళతో మాట్లాడకుండా నేను బేరం పెట్టుకోను. రేపు దీపాలు పెట్టినాక మా వోణ్ణి అంగట్లో కూర్చోబెట్టి వస్తా. వాళ్ళను ఉండమను."

పగలు రమ్మని బతిమాలాను. పగలు దుకాణం వదిలితే యాపారం పోతుందన్నాడు. జాతర, చాటింపు అని చెప్పాను. "మా ఊళ్ళోనూ ఉండాది" అని తల ఊపాడు, జాలిపడ్డాడు కూడా. మాట మాత్రం మార్చలేదు.

వెళ్ళిపోయిన బస్సు

మర్నాడు మునెమ్మకి చెప్పాను. "ఈ ఒక్క రాత్రి నేనుండిపోతే?" అంది. తక్కిన ఆడవాళ్ళంతా ఒకేసారి ఆమె మీద పడ్డారు.

"వొద్దక్కా," అంది సుగుణ. "నువ్వు బయటుంటే, ఊళ్ళో ఎవురికి జ్వరమొచ్చినా నీ వల్లనే అంటారు. ఎనుము ఈనకపోయినా నీ మిందికే తోస్తారు."

"మీ అత్త ఊరుకుంటాదా?" అని ఇంకొకామె. "పోనీ ఈ బేరం పోతే ఇంకోటి రాదా?" అని మరొకామె.

నేను ఏ సలహా ఇవ్వలేదు. ఉండమంటే వాళ్ళ దేవతకి అడ్డం వచ్చినట్టు, పొమ్మంటే వాళ్ళ కూడు చెడగొట్టినట్టు. పొద్దు వాలింది. అందరూ లేచారు. మునెమ్మ మాత్రం చాప మీద అలాగే కూర్చుని, "నేను ఉంటా. మీరు పొండి. ఇంట్లో చెప్పండి, మునెమ్మ కావాలనే ఉండిందని" అంది. సుగుణ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ బస్సుకి పోయింది.

ఆయన అన్నమాట ప్రకారమే వచ్చాడు. ఇక చూడాలి మునెమ్మని! గొంతు మళ్ళీ గుడి మైకే. ఏ ఎండకి ఎంత పలచన పోయాలో, మబ్బు పడితే ఏం చేస్తారో, ఈతచాపకీ తాటాకు చాపకీ తేడా ఏమిటో గడగడా చెప్పేసింది. ఆయన ధర తగ్గించబోతే తాండ్ర చుట్ట తీసి పక్కన పెట్టేసింది. "మా చేతులు ఇంకొకరికి తక్కువకి ఇచ్చి ఇచ్చి అలిసిపోయినాం నాయనా" అంది. ఆయన నవ్వి దిగొచ్చాడు. ఉన్న సరుకంతా తీసుకుంటానన్నాడు. పై ఏడు మొదటి కాయ నుంచీ తనకే పోయాలన్నాడు. బయానా చేతిలో పెట్టి వెళ్ళాడు.

మునెమ్మ ఆ నోట్లు కళ్ళకద్దుకుని తల ఎత్తింది. మైదానమంతా దీపాలు వెలుగుతున్నాయి. "పొద్దుగూకిపోయిండాదే" అని, అప్పుడే తెలిసినట్టు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పొలిమేర రాయి

జాతర దాకా మునెమ్మ పుత్తూరులో చెల్లెలింట్లో, నేను తిరుపతి సత్రంలో ఉన్నాం. మంగళవారం పొద్దున ఇద్దరం కలిసి ఊరికి వెళ్ళాం. రోడ్డు మీంచి ఊళ్ళోకి మలుపు తిరిగే చోట పసుపు పూసిన రాయి ఉంది, అదే పొలిమేర. నేను దాటేశాను. వెనక్కి చూస్తే మునెమ్మ రాయి అవతలే నిలబడిపోయింది.

సంఘం ఆడవాళ్ళు ఎదురొచ్చారు. ఎవరూ ఆమెని రమ్మనలేదు, ఆమె కూడా రాలేదు. రాయికి ఇటు వాళ్ళు, అటు ఈమె. బేరం కుదిరిందని వాళ్ళకి మర్నాడే అంగట్లో చెప్పాం, ఆ సంతోషం ఇంకా కళ్ళల్లో కనిపిస్తోంది. ఇంతలో గంగులప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఇంక అయిపోయింది, తిట్లు తప్పవనుకున్నాను.

ఆయన మునెమ్మని ఎగాదిగా చూశాడు. "రాత్రి బయటుండినావు. కాబట్టి నువ్విప్పుడు బయటిదానివి. అంతేనా?"

"అంతే మామా" అని తల వంచుకుంది.

"బయటోళ్ళు పగలు జాతరకి రాకూడదని చాటింపులో నేను చెప్పినానా?"

మునెమ్మ తలెత్తింది.

"చెప్పలేదు గదా. మరి ఎండలో నిలబడుకోనుండావే? రా. అమ్మోరికి పొంగలి పెట్టుకో. పొద్దుగూకేలోగా మాత్రం పోవాల."

అలా మునెమ్మ తన ఇంటికి తనే చుట్టమై పోయింది. గడపలో అత్తగారు చెంబుతో నీళ్ళిచ్చి, "కాళ్ళు కడుక్కో మా" అంది. ఎగతాళో, మర్యాదో నాకు అర్థం కాలేదు. మొగుడు చుట్టానికి వేసినట్టే మంచం వాల్చి, ఏం మాట్లాడాలో తెలీక, "బాగుండావా?" అని అడిగాడు. సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మునెమ్మ మాత్రం నవ్వలేదు. తన పొయ్యి దగ్గరికి వెళ్ళబోయి ఆగి, అత్తని అడిగి వెళ్ళింది.

పొంగలి పెట్టింది, మొక్కింది. ఆ ఊరి జాతరకి అసలు ఘట్టం చీకటి పడ్డాకే, అమ్మవారు వీధుల్లోకి కదిలినప్పుడు. అది ఆమెకి లేదు. పొద్దు వాలుతుంటే మా ఇద్దర్నీ సాగనంపడానికి గంగులప్ప రాయి దాకా వచ్చాడు. "పై ఏడు మీ బజారు ఎప్పుడో ముందే చెప్పండమ్మా. సూసి చాటింపు ఏస్తాం" అని వెనక్కి తిరిగాడు.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఫ్యాక్టరీ లారీ ఒకటి పక్క ఊరి ఆడవాళ్ళతో వచ్చి ఆగింది. ముందు కూర్చున్న మేస్త్రీ తల బయటికి పెట్టాడు.

"ఏం మునెమ్మా, జాతర పెట్టుకోని ఊరి బయటుండావే? సరే గాని, పండగయినాక మీ వోళ్ళను ఎంతమందిని పంపిస్తావు? ఇంకా కాయ ఉండాది."

"ఎవురూ రారప్పా."

"ఎవురూ అంటే?"

"ఎవురూ అంటే ఎవురూ. మా తాండ్ర మాకుండాది."

మేస్త్రీ నవ్వాడు. "ఒక్క వానకి బూజు పడితే మీరే వస్తార్లే."

"బూజు పడితే పారబోసి మళ్ళా పోస్తాం. నీ లారీ ఎక్కం. పో."

లారీ పైనున్న ఆడవాళ్ళు మలుపు తిరిగేదాకా మునెమ్మనే చూస్తూ పోయారు. అదే సమయానికి ఊళ్ళో తప్పెటలన్నీ ఒక్కసారిగా మోగాయి. అమ్మవారు కదిలినట్టుంది. అంతసేపూ నిటారుగా నిలబడ్డ మనిషి నా భుజం మీద వాలిపోయి, "నాకిప్పుడు ఆడుండాలని ఉండాదక్కా" అని చిన్నపిల్లలా ఏడ్చింది. పుత్తూరు బస్సు వచ్చేదాకా ఇద్దరం అక్కడే నిలబడి ఆ తప్పెటలు విన్నాం.